మత్తు ఒకటే, కథలు రెండు

అమెరికాలో న్యూయార్కు నగరం పక్కన లాంగ్ ఐలాండ్ అని ఒక ప్రాంతం ఉంది. అక్కడ ఐలాండ్ ట్రీస్ అనే చోట బళ్ళ మీద పెత్తనం చేసే బోర్డు ఒకటి. 1975 నవంబరు 7 రాత్రి ఆ బోర్డు పెద్దలు ఇద్దరు హైస్కూలు లైబ్రరీకి వెళ్ళి, తమ దగ్గరున్న జాబితాలోని పుస్తకాలు అక్కడ ఉన్నాయా లేవా అని చూశారు. తొమ్మిది దొరికాయి. మరుసటి ఏడాది వాటినీ, ఇంకో రెంటినీ కలిపి మొత్తం 11 పుస్తకాల్ని పిల్లల చేతికి అందకుండా తీయించారు. ఎందుకయ్యా అంటే ఇవి దేశానికి వ్యతిరేకం, మతానికి వ్యతిరేకం, పైగా పచ్చి బూతు అన్నారు. పుస్తకాల్ని తీసెయ్యాలనుకునే పెద్దలు ఏ దేశంలో ఉన్నా ఈ మూడు మాటలే మాట్లాడతారు కాబోలు.

ఆ పదకొండింటిలో మత్తుమందుకి బానిసైన పిల్లల నవలలు రెండున్నాయి. ఒకటి తెల్లపిల్ల కథ, ఇంకోటి నల్లపిల్లాడి కథ. మేం మాట్లాడదలుచుకున్నది ఆ రెంటి గురించే.

ఎక్కడో అమెరికా పుస్తకాల గొడవ మన వాడలకెందుకని అడిగేవాళ్ళుంటారు. ఎందుకంటే, మన గూడెంలో ఒక పద్నాలుగేళ్ళ పిల్లాడు గంజాయి పొట్లంతో దొరికితే చుట్టుపక్కల జనం ఏమంటారో, హెడ్మాస్టరు ఏమంటాడో, ఎస్సై ఏమంటాడో, ఆఖరికి వాడి కన్నతల్లి ఏమంటుందో ముందే రాసిపెట్టి ఉంటుంది. ఆ మాటలు ఆకాశంలోంచి ఊడిపడవు. ఎవరో చెప్పగా విన్న కథల్లోంచి, చూసిన సినిమాల్లోంచి వస్తాయి. కథ ఎవరి చేతిలో ఉంటే నేరం ఎవరి నెత్తి మీద పడాలో తేల్చేది వాళ్ళే.

అమెరికాలో, ఇంగ్లండులో పన్నెండు దాటి పద్దెనిమిది లోపున్న పిల్లల కోసమని విడిగా నవలలు రాస్తారు. మన తరం చందమామ దాటి నేరుగా వారపత్రిక సీరియల్లో పడింది గాని, అక్కడ మధ్యలో ఈ మెట్టు ఒకటుంది. ఆ మెట్టు మీద మత్తుమందు కథలు 1970ల నుంచి దండిగా వచ్చాయి. వాటిల్లో బాగా పేరుమోసింది 1971లో వచ్చిన 'గో ఆస్క్ ఆలిస్'. రాసినవారి పేరు లేదు. పదిహేనేళ్ళ పిల్ల రాసుకున్న నిజం డైరీ అని చెప్పి అమ్మారు.

కథ ఇది. తండ్రి కాలేజీ ప్రొఫెసరు. మంచి ఇల్లు, మంచి తల్లి, తమ్ముడూ చెల్లీ. పిల్ల ఒక పార్టీకి వెళ్తుంది. అక్కడ గ్లాసుల్లో కూల్ డ్రింకు పోస్తారు. కొన్ని గ్లాసుల్లో ఎల్‌ఎస్‌డి కలిపి ఉంటుంది. ఆమెకి తెలియకుండానే మొదటిసారి మత్తు ఎక్కుతుంది. అక్కణ్ణుంచి ఒకదాని వెంట ఒకటి. ఇల్లు వదిలి శాన్‌ఫ్రాన్సిస్కో పారిపోతుంది, తిరిగొస్తుంది, మానేస్తుంది, మళ్ళీ ఎవరో మోసం చేసి మత్తు తినిపిస్తారు, పిచ్చాసుపత్రి పాలవుతుంది. ఇక డైరీ రాయను, అంతా బాగానే ఉంది అని మూసేసిన మూడు వారాలకి చచ్చిపోతుంది.

లక్షల మంది చదివారు. 1973లో టీవీ సినిమా కూడా తీశారు. తల్లిదండ్రులు, టీచర్లు పిల్లలకి భయం చెప్పడానికి ఈ పుస్తకం ఇచ్చారు. అసలు సంగతి తర్వాత బయటపడింది. ఆ డైరీకి కాపీరైటు కాగితాల్లో ఉన్న పేరు బియాట్రిస్ స్పార్క్స్. ఆమె పెద్దావిడ, అలాంటి 'నిజం డైరీలు' వరసగా అచ్చేయించిన మనిషి. తర్వాత అచ్చుల్లో ఇది కల్పిత కథ అని చిన్నక్షరాల్లో వేశారు. కల్పిస్తే తప్పేం లేదు, నవలలన్నీ కల్పితాలే. నిజం అని అబద్ధం చెప్పడం తప్పు. అంతకన్నా పెద్ద సంగతి ఏమిటంటే ఆ అబద్ధం ఎవరికి పనికొచ్చింది అనేది. ఆ కథలో మంచి ఇంటి పిల్ల తనంతట తాను చెడిపోదు, ఎవడో ఆమె గ్లాసులో విషం కలుపుతాడు. ఇంటి తప్పు లేదు, వీధి తప్పు లేదు, సర్కారు తప్పు అసలే లేదు. చదివిన తల్లి తన పిల్లని గట్టిగా పట్టుకుని తలుపు గడియ పెట్టుకుంటుంది. గడియకి అవతల ఉన్న పిల్లల మాట ఆ పుస్తకంలో ఎక్కడుంది?

గడియకి అవతలి పిల్లాడి కథ రెండేళ్ళకి వచ్చింది. 1973లో. పేరు 'ఎ హీరో ఎయింట్ నథింగ్ బట్ ఎ శాండ్‌విచ్'. న్యూయార్కులో పొడుగు రొట్టె మధ్య కూర, మాంసం పెట్టి అమ్మే తిండిని హీరో అంటారు. హీరో అంటే కడుపులోకి పోయే రొట్టె ముక్క, అంతకు మించి ఏం లేదు అని పేరులోనే వెటకారం. సినిమా హీరో కటౌటుకి పాలు పోసే మన కుర్రాళ్ళకి ఈ పేరొక్కటి చెప్పినా చాలు.

రాసినావిడ ఆలిస్ చిల్డ్రెస్. నల్లజాతి మనిషి. అమ్మమ్మ దగ్గర హార్లెంలో పెరిగింది. హైస్కూలు చదువు పూర్తి కాలేదు. నాటకాల్లో వేస్తూనే పొట్టకూటికి ఇళ్ళల్లో పనిమనిషిగా కూడా చేసింది. గాయకుడు పాల్ రోబ్సన్ నడిపిన 'ఫ్రీడం' అనే పత్రికలో ఇంటిపని చేసే నల్లావిడ నోటితో కబుర్లు రాసింది. ఆ పత్రిక కూడా మనలాగే చేతి డబ్బులతో కిందామీదా పడి నడిచిందే. ఆ కబుర్లే 1956లో పుస్తకమయ్యాయి. 'ట్రబుల్ ఇన్ మైండ్' అని 1955లో నాటకం రాస్తే, పెద్ద థియేటరు వాళ్ళు ముగింపు మారిస్తే ఆడిస్తాం అన్నారు. తెల్లవాళ్ళకి ఇంపుగా మార్చను పొమ్మంది. ఆ నాటకం బ్రాడ్వే ఎక్కింది 2021లో. ఆవిడ పోయింది 1994లో. ఇలాంటి మనిషి పిల్లలకి నవల రాస్తే ఎలా ఉంటుంది?

పిల్లాడి పేరు బెంజీ. పదమూడేళ్ళు. హెరాయిన్ సూదికి అలవాటు పడ్డాడు. తల్లి, అమ్మమ్మ, తల్లితో కలిసి ఉంటున్న బట్లర్ అనే మనిషి, ఇదీ కుటుంబం. బట్లర్ ఒక పెద్ద భవనంలో మరమ్మతులూ శుభ్రం చేసే పనివాడు. బెంజీ కన్నతండ్రి ఎప్పుడో వెళ్ళిపోయాడు. పిల్లాడు మత్తు డబ్బుల కోసం బట్లర్ సూటూ కోటూ ఎత్తుకుపోయి అమ్మేస్తాడు. చూడండి, ఇది పార్టీలో కూల్ డ్రింకు గ్లాసు కథ కాదు. కూలి చేసి కొనుక్కున్న ఒక్క మంచి కోటు పోయిన కథ. మన ఇళ్ళల్లో అటకమీది ఇత్తడి బిందె పోయినట్టు, అమ్మ చెవుల కమ్మలు పోయినట్టు.

ఈ నవల్లో గొప్పతనం ఇంకోటుంది. బెంజీ ఒక్కడే మాట్లాడడు. అధ్యాయానికొకరు వచ్చి ఎవరి గోడు వాళ్ళు చెప్పుకుంటారు. తల్లి మాట్లాడుతుంది. దేవుణ్ణి నమ్ముకున్న అమ్మమ్మ మాట్లాడుతుంది. బట్లర్ మాట్లాడతాడు. నల్లజాతి చరిత్ర చెప్పే నైజీరియా గ్రీన్ అనే నల్ల టీచరు, ఆయనంటే పడని కోహెన్ అనే తెల్ల టీచరు, ఉద్యోగం పోకుండా చూసుకునే ప్రిన్సిపాలు, వాడితో తిరిగి బయటపడ్డ స్నేహితుడు, అందరూ. ఆఖరికి పొట్లాలమ్మే వాల్టర్‌కి కూడా ఆవిడ మైకిచ్చింది. వాడు సిగ్గుపడడు. నేను అమ్మకపోతే ఇంకొకడు అమ్ముతాడు, నన్నెందుకంటారు అని ఎదురడుగుతాడు. ఆ మాట మనం ఎక్కడ వినలేదు? సారా పాట పాడుకున్నవాడు అన్నాడు, బెల్టుషాపు వాడు అన్నాడు, గుట్కా పొట్లాలు బడి గేటు దగ్గర తోరణం కట్టినవాడూ అన్నాడు.

ఇద్దరు టీచర్లకి ఒకరంటే ఒకరికి పడదు. కాని పిల్లాడు తరగతిలో మత్తులో తూలుతుంటే ఇద్దరూ కలిసే వాణ్ణి పట్టి ఇస్తారు. బెంజీకి గ్రీన్ మాస్టారంటే ప్రాణం. మన జాతి చరిత్ర చెప్పిన మనిషే నన్ను పట్టించాడని వాడి గుండె మండిపోతుంది. ఇక్కడ మనబోటి కార్యకర్తలు కొంచెం ఆగి చదవాలి. గ్రీన్ చేసింది తప్పా? ఊరుకుంటే పిల్లాడు చచ్చేవాడు. కాని గోడల మీద మహానుభావుల బొమ్మలు అంటించి ఉపన్యాసం ఇచ్చిన మాస్టారు, అంతకు ముందు ఆ పిల్లాడి పక్కన ఎన్ని సాయంత్రాలు కూచున్నాడు? చిల్డ్రెస్ ఈ ప్రశ్న పైకి అడగదు. మేం అడుగుతున్నాం. జయంతికీ వర్ధంతికీ పిల్లల్ని పోగేసి జై కొట్టించి పంపేసే సంఘాలు మన దగ్గర తక్కువేం లేవు.

ఆసుపత్రిలో పెడతారు, వస్తాడు, మళ్ళీ మొదలెడతాడు. బట్లర్ విసిగి అదే భవనంలో వేరే గదికి పోతాడు. ఒకరోజు బెంజీ దొంగతనం చేసి పారిపోతుంటే బట్లర్ తరుముతాడు. మిద్దె మీద నుంచి పిల్లాడు జారి సందులోకి వేలాడతాడు. వదిలెయ్యమంటాడు. బట్లర్ వదలడు. తన కోటు అమ్ముకున్న పిల్లాణ్ణి, తన కడుపున పుట్టని పిల్లాణ్ణి, చెయ్యి పట్టుకుని పైకి లాగుతాడు. ఆ తర్వాత పిల్లాడు రోజూ మందు మాన్పించే కేంద్రానికి వెళ్ళాలి. చివరి పేజీల్లో బట్లర్ ఆ కేంద్రం బయట నిలబడి ఉంటాడు. చలి. పిల్లాడు ఇంకా రాలేదు. అక్కడితో నవల అయిపోతుంది. వచ్చాడా లేదా ఆవిడ చెప్పలేదు.

మొదటి పుస్తకంలో పిల్ల చచ్చిపోతుంది, చదివినవాళ్ళు ఏడ్చి మూసేస్తారు. రెండో పుస్తకంలో పిల్లాడు బతికే ఉన్నాడు. ఒక పనివాడు తన కూలి గంటలు పోగొట్టుకుని వాడి కోసం నిలబడి ఉన్నాడు. మత్తుకి బానిసైన పిల్లాణ్ణి చంపేసి నీతి చెప్పడం తేలిక. బతికించి, వాడి కోసం ఎవరు నిలబడాలో చెప్పడం కష్టం.

ఇప్పుడు మళ్ళీ ఆ బోర్డు పెద్దల దగ్గరికొద్దాం. తీయించిన 11 పుస్తకాల్లో ఐదు నల్లవాళ్ళవీ ప్యూర్టోరికో మూలాలున్నవాళ్ళవీ. రిచర్డ్ రైట్ 'బ్లాక్ బాయ్' ఉంది. లాంగ్‌స్టన్ హ్యూస్ కూర్చిన నీగ్రో కథల సంపుటి ఉంది. బ్లాక్ పాంథర్ నాయకుడు ఎల్డ్రిడ్జ్ క్లీవర్ పుస్తకం ఉంది. ఆ పాంథర్ల పేరు తీసుకునే 1972లో బొంబాయిలో దళిత పాంథర్లు లేచారు, అది వేరే చెప్పక్కర్లేదు. స్టీవెన్ పికో అనే విద్యార్థి, ఇంకో నలుగురు పిల్లలు 1977లో బోర్డు మీద కోర్టుకెక్కారు. విచారణలో బోర్డు వాళ్ళని అడిగారు: దేశానికి వ్యతిరేకం అన్నారు గదా, ఏదీ ఒక్క ఉదాహరణ చెప్పండి. ఇద్దరు పెద్దలు చిల్డ్రెస్ పుస్తకమే చూపించారు. అందులో తప్పేమిటయ్యా అంటే, జార్జి వాషింగ్టన్ బానిసల్ని ఉంచుకున్నాడని ఒకచోట ఉందట!

అది అబద్ధం కాదు. వాషింగ్టన్ తోటల్లో వందల మంది బానిసలు పనిచేశారు. పదమూడేళ్ళ పిల్లాడు చేతికి సూది గుచ్చుకుంటున్నాడు అంటే దేశానికి అవమానం అనిపించలేదు. మన జాతిపిత మనుషుల్ని సొంతం చేసుకున్నాడు అంటే మాత్రం అవమానం. ఆ మాటకొస్తే వాళ్ళు 'ఆలిస్'ని కూడా తీసేశారు, అది బూతుల కోసం. రెండు పుస్తకాలకీ ఒకే శిక్ష గాని నేరాలు వేరు. 1982లో అక్కడి సుప్రీంకోర్టు, నచ్చని ఆలోచనలున్నాయని బడి లైబ్రరీలోంచి పుస్తకాలు తీసెయ్యడానికి బోర్డుకి హక్కు లేదన్న వైపు మొగ్గింది. ఐదుగురు ఇటు, నలుగురు అటు. పుస్తకాలు తిరిగి బీరువా ఎక్కాయి.

కథల్లో ఉన్న తేడానే చట్టంలోకి కూడా ఎక్కింది. 1986లో అమెరికా ఒక చట్టం చేసింది. కొకెయిన్ పొడి 500 గ్రాములతో దొరికితే కనీసం ఐదేళ్ళ జైలు. అదే కొకెయిన్‌ని గడ్డ చేసి అమ్మే క్రాక్ అయితే 5 గ్రాములకే ఐదేళ్ళు. సరుకు ఒకటే, శిక్ష నూరింతలు. పొడి డబ్బున్నవాళ్ళ మత్తు, క్రాక్ పేదల వీధిలో చిల్లరగా దొరికే మత్తు. క్రాక్ కేసుల్లో జైలుకి పోయినవాళ్ళలో ఎక్కువ మంది నల్లవాళ్ళు. 2010లో ఆ నూరింతల్ని పద్దెనిమిదింతలకి తగ్గించారు. సమానం చెయ్యడానికి మాత్రం చేతులు రాలేదు. చట్టాలు చేసినవాళ్ళు నవలలు చదివి చేశారని మేం అనడం లేదు. ఆలిస్‌ని చూసి జాలిపడి, బెంజీని చూసి భయపడే సమాజం ఇలాంటి చట్టమే చేస్తుంది అంటున్నాం.

తర్వాత ఇంకా చాలా పుస్తకాలొచ్చాయి. ఇంగ్లండులో మెల్విన్ బర్జెస్ 1996లో 'జంక్' రాశాడు. ఇల్లు వదిలొచ్చిన పిల్లలు, హెరాయిన్, అందులోనూ గొంతుకలు చాలా ఉన్నాయి. దానికి కార్నెగీ పతకం ఇస్తే పిల్లల పుస్తకానికి ఇదేం పోకడ అని గోల చేశారు. అమెరికాలో ఎల్లెన్ హాప్కిన్స్ తన సొంత కూతురి కథ ఆధారంగా 2004లో 'క్రాంక్' అని పద్యాల్లో నవల రాసింది. మంచివే. కాని మాకు చిల్డ్రెస్సే దగ్గర.

మన సంగతి చూద్దాం. కథ వల్ల ఏం జరుగుతుంది అని పెదవి విరిచేవాళ్ళకి దూబగుంట గుర్తు చెయ్యాలి. నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం వాచకంలో సీతమ్మ కథ అని ఒక పాఠం. తాగుడు కొంపని ఎలా తింటుందో ఆ పాఠం. రాత్రి బడిలో అక్షరాలు కూడబలుక్కుని ఆ పాఠం చదివిన కూలి ఆడవాళ్ళు, అది మా కథే గదా అన్నారు. అక్కణ్ణుంచి సారా కొట్టు మీదికి నడిచారు. 1992లో రాష్ట్రమంతా అంటుకుంది. 1993లో సారా నిషేధం, 1995లో మొత్తం మద్య నిషేధం. 1997లో సర్కారు ఆ నిషేధాన్ని ఎత్తేసింది, అది సర్కారు పాపం. కాని కొత్తగా అక్షరం నేర్చినవాళ్ళకి తమ కథ దొరికితే ఏమవుతుందో లోకం చూసింది. ఆ కథ పెద్దవాళ్ళది. ఆ ఇంట్లో మూలన కూచుని చూస్తున్న పిల్లాడి కథ ఏది? వాడు పెద్దవుతూ తీసుకున్న మొదటి గుట్కా పొట్లం, మొదటి గంజాయి బీడీ, వాటికి డబ్బులెక్కడివి, ఎవడు అప్పిచ్చాడు, వాడి గొంతుతో ఎవరు రాశారు? తెలుగు సినిమాల్లో గంజాయి తాగే వాడ కుర్రాడు కనిపిస్తాడు. నవ్వించడానికి ఒక సీను, హీరో చేతిలో తన్నులు తినడానికి ఇంకో సీను. కాలేజీ పిల్ల మత్తుకి అలవాటు పడితే మాత్రం సినిమా మొత్తం ఆమె కోసం ఏడుస్తుంది. మనకీ ఆలిసులూ బెంజీలూ ఉన్నారన్నమాట.

ఏజెన్సీ కొండల్లోంచి గంజాయి మూట మోసుకొచ్చి పట్టుబడ్డ ఆదివాసీ కుర్రాళ్ళ ఫొటో పేపర్లో చూస్తూనే ఉంటాం. ముఖాలకి గుడ్డ కప్పి, వెనక పోలీసులు వరసగా నిలబడి. పెట్టుబడి పెట్టిన షావుకారు ఫొటో ఎన్నిసార్లు చూశాం? చట్టం లెక్కలో 20 కేజీలు దాటిందంటే పదేళ్ళకి తక్కువ కాదు, ఇరవై దాకా వెయ్యొచ్చు. మోసిన కూలి కొన్ని వేలు. వాల్టర్‌కి మైకిచ్చినట్టు ఆ షావుకారుకి కూడా ఎవరైనా కథలో మైకిచ్చి, నోరు విప్పించి, మాట్లాడించాలి.

ఈ మధ్య ఒక పల్లెలో రాత్రి పూట కూచున్నప్పుడు బెంజీ కథ చెప్పాం. కోటు అమ్ముకున్న దగ్గరికి వచ్చేసరికి ఒక ముసలమ్మ ఆపింది. "పిల్లోడు అమ్మాడు సరే. కొన్నోడెవుడు? దొంగ సొమ్మని ఆడికి తెల్దా?" అంది. నాలుగు పీహెచ్‌డీలు ఈ ప్రశ్నకి సరిపోవు. ఇంట్లో బిందె పోయిన ప్రతి ఊళ్ళోనూ దాన్ని తూకానికి కొన్న పెద్దమనిషి ఒకడుంటాడు. దొంగ దొరుకుతాడు, కొన్నవాడు పంచాయతీలో తీర్పు చెప్తుంటాడు.

మనవాళ్ళలోనే కొందరికి ఒక అభ్యంతరముంది. ఇలాంటి కథలు రాస్తే వాడ పరువు మనమే తీసుకున్నట్టవుతుంది, ఇప్పటికే తాగుబోతులు గంజాయిగాళ్ళు అంటున్నారు, ఇంకా మనమే చెప్పాలా అంటారు. ఆ బాధ మాకు తెలుసు. కాని దాస్తే ఎవరు బాగుపడతారు? మనం చెప్పకపోతే కథ ఆగదు, ఎస్సై చెప్తాడు, సినిమావాడు చెప్తాడు. చిల్డ్రెస్ బెంజీని దాచలేదు. వాడి చుట్టూ ఉన్న అందర్నీ నిలబెట్టి ఒక్కొక్కరి చేతా మాట్లాడించింది. దాంతో పిల్లాడొక్కడే దోషి అవడానికి వీల్లేకుండా పోయింది.

మన కళాజాతాల్లో మత్తు మీద వేసే నాటికలు చూడండి. తాగుబోతు తూలుతూ వస్తాడు, జనం నవ్వుతారు, పెళ్ళాం ఏడుస్తుంది, వాడు చస్తాడు, పాట. ఇది మారాలి. పిల్లాడి పాత్ర పిల్లాడి చేతే వేయించండి. వాడి మాటలు వాణ్ణే రాసుకోనివ్వండి, బూతులొస్తే రానివ్వండి. దుకాణం వాడికో పాత్ర, మాస్టారికో పాత్ర, అమ్మమ్మకో పాత్ర, సంఘం నాయకుడిక్కూడా ఒక పాత్ర. నాటిక అయ్యాక ఒక సంగతి జనానికి చెప్పండి, ఇది స్టేషన్లో ఎవరూ చెప్పరు. మత్తుమందుల చట్టంలో 64ఎ అని ఒక సెక్షన్ ఉంది. మత్తు వాడినందుకో, తక్కువ మోతాదు దగ్గర ఉన్నందుకో కేసు పడ్డ బానిస, సర్కారు గుర్తించిన చోట వైద్యం చేయించుకుంటానని తనకు తానుగా ముందుకొస్తే ఆ కేసు నుంచి మినహాయింపు దొరుకుతుంది. గంజాయికి తక్కువ మోతాదు అంటే ఒక కేజీ దాకా. మత్తు మానడానికి సాయం కావాలంటే దేశమంతటికీ 14446 అని ఫోన్ నంబరుంది. పిల్లలకి మత్తు సరుకు ఇచ్చినవాడికి 2015 నాటి బాలల న్యాయ చట్టంలో ఏడేళ్ళ దాకా కఠిన జైలు ఉంది, అది దుకాణం వాడి పాత్ర వేసేవాడికి ముందే చెప్పి ఉంచండి, బాగా వేస్తాడు.

చిల్డ్రెస్ నవల పెద్దదేం కాదు, హార్లెం వీధి భాషలో ఉంటుంది. ఇంగ్లీషు వచ్చిన మన పిల్లలు ఎవరైనా దాన్ని మన వాడ మాటలో కూచుని చెప్పగలిగితే, అచ్చు ఖర్చు సంగతి తర్వాత, ముందు మూడు నాలుగు ఊళ్ళల్లో బయటికి చదివి వినిపిద్దాం. బట్లర్ అధ్యాయాలతో మొదలుపెట్టండి.